మైనం కరిగించడం తేలికే, వత్తి కుదరడమే కష్టం

తిరుపతిలో శిల్పారామంలోనో, ఏదో ఒక కల్యాణ మండపంలోనో ఎగ్జిబిషన్ పెడితే ఈమధ్య కొవ్వొత్తుల స్టాలు ఒకటైనా కనబడుతోంది. గాజు గ్లాసుల్లో లేత రంగుల మైనం, పైన ఎండిన గులాబీ రేకులు, మూత తీస్తే గుప్పుమనే వాసన. చూసినవాళ్ళకు వెంటనే ఒక మాట తోస్తుంది: "మైనం కరిగించి గ్లాసులో పోయడమే కదా, మనమూ చెయ్యొచ్చు." మా వదినకూ అలాగే తోచింది. మూడేళ్ళుగా ఆమె పోస్తోంది, నేను లెక్కలు రాస్తున్నాను. ఆమె పొయ్యి దగ్గర తెలుసుకున్నదీ నేను నోటుపుస్తకంలో తెలుసుకున్నదీ కలిపి చూస్తే, జనం కష్టం అనుకునేది ఒకటి, నిజంగా కష్టం ఇంకొకటి.

ముందు ఇది ఎలా వెలుగుతుందో చూద్దాం. ప్రమిదలో నూనె ముందే ద్రవంగా ఉంటుంది. దూదివత్తి దాన్ని పీల్చి మంటకు అందిస్తుంది. వత్తి కాలి కురచైతే మనమే ఎగదోస్తాం. కొవ్వొత్తికి ఆ సుఖం లేదు. దాని ఇంధనం గడ్డకట్టి ఉంటుంది. మంటే తన వేడితో చుట్టూ ఉన్న మైనాన్ని కరిగించుకోవాలి, కరిగినదాన్ని వత్తి పైకి లాగాలి, వత్తి కొసన అది ఆవిరి కావాలి. మండేది ఆ ఆవిరే. అనుమానముంటే ఒక కొవ్వొత్తిని కాసేపు వెలగనిచ్చి ఊదేయండి. పైకి లేచే తెల్లటి పొగకు వెంటనే అగ్గిపుల్ల చూపండి. పుల్ల వత్తికి తగలకుండానే మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది.

అంటే ఇది తన కూడు తానే వండుకోవాల్సిన దీపం. ఎంత వండుకోవాలో, ఎంత తినాలో చెప్పేది వత్తి. వత్తి సన్నగా ఉంటే మంట చిన్నదై, నడుమ ఉన్న మైనం మాత్రమే కరుగుతుంది. రెండు మూడు రోజుల్లో గ్లాసు మధ్యలో బావిలాంటి గుంత పడి, చుట్టూ మైనం గోడ అలాగే మిగిలిపోతుంది. చివరికి ఆ బావిలోనే వత్తి మునిగి ఆరిపోతుంది. వత్తి లావుగా ఉంటే దానికి అందాల్సినదానికంటే ఎక్కువ ఇంధనం అందుతుంది. మంట ఎగిరెగిరి పడుతుంది, గ్లాసు అంచుకు మసి పడుతుంది, వత్తి కొసన పుట్టగొడుగులా బొగ్గు గడ్డ కడుతుంది, గాజు చేత్తో పట్టుకోలేనంత కాగుతుంది. నాసిరకం గ్లాసైతే పగులుతుంది కూడా.

ఈ రెండింటి మధ్య సరైన వత్తిని పట్టుకోవడమే ఈ పనిలో అసలు విద్య. అది గ్లాసు వెడల్పును బట్టి మారుతుంది, మైనం రకాన్ని బట్టి మారుతుంది. ఇక్కడితో ఆగితే బాగుండు, సెంటును బట్టి కూడా మారుతుంది. అదే గ్లాసు, అదే మైనం, అదే వత్తి. మల్లె నూనె కలిపితే చక్కగా వెలిగినది వెనిల్లా కలిపితే రెండు గంటలకే నీరసపడి ఆరిపోవచ్చు. చిక్కటి నూనెలు వత్తి దారులను పూడ్చేస్తాయి. వత్తుల లావును నంబర్లతో చెబుతారు; అందుకే "ఏ నంబరు వత్తి వాడుతున్నారు?" అని అడిగి ఇంకొకరి జవాబు రాసుకుని వెళ్ళడం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

పరీక్షకు ఎంత కాలం పడుతుందో లెక్క వేయండి. 150 గ్రాముల సోయా మైనం గంటకు సుమారు 5, 6 గ్రాముల చొప్పున కాలితే మొత్తం 25 నుంచి 30 గంటలు. ఒక విడతలో నాలుగు గంటలకు మించి వెలిగించకూడదు కాబట్టి, రోజుకొక విడత చొప్పున ఒక్క గ్లాసు అడుగు దాకా చూడటానికి వారం. మూడు సైజుల గ్లాసులు, ఎనిమిది వాసనలు పెట్టుకుంటే 24 జోడీలు. ఒక్కో జోడీకి మూడు నంబర్ల వత్తులు చూస్తే 72 పరీక్షలు. మా వదిన మొదటి ఏడు సరిగ్గా ఈ గోతిలోనే పడింది. పదకొండు వాసనలు, నాలుగు రకాల గ్లాసులు. ఏదీ పూర్తిగా పరీక్షించలేదు. ఇప్పుడు ఒకటే గ్లాసు, నాలుగు వాసనలు.

వత్తి గురించి ఇంకొక్క ముచ్చట. ప్రమిద వత్తిలా పురి తిప్పిన దూదిని కొవ్వొత్తిలో పెడితే కొస కాలకుండా నిలబడి పొగలు కక్కేది, మాటిమాటికీ కత్తిరించాల్సి వచ్చేది. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో జడలా అల్లిన వత్తి వచ్చాక ఆ బాధ తగ్గింది. జడ వత్తి కాలేకొద్దీ పక్కకు వంగి, మంట అంచుకు చేరి, తన కొసను తానే కాల్చేసుకుంటుంది. అయినా ప్రతిసారీ వెలిగించే ముందు ఆరు మిల్లీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరించమని కొనేవాళ్ళకు చెప్పాలి. ఇంకో మాట కూడా చెప్పాలి: మొదటిసారి వెలిగించినప్పుడు కరిగిన మైనం గ్లాసు అంచు దాకా చేరేవరకు ఆర్పొద్దని. మూడంగుళాల గ్లాసుకు సుమారు మూడు గంటలు. ముందే ఆర్పితే తర్వాత కూడా ఆ వలయం వరకే కరిగి గుంత పడుతుంది. "మైనానికి మొదటి రోజు గుర్తుంటుంది" అంటుంది మా వదిన. అల్లుడి మర్యాదలాగా అని నేను అంటాను.

ఇక మైనం సంగతి. స్టాలు దగ్గర ఎక్కువ వాదన దీని మీదే నడుస్తుంది, నిజానికి అంత అవసరం లేదు. పారాఫిన్ ముడి చమురు శుద్ధిలో వచ్చే మైనం. అస్సాంలోని డిగ్బోయ్‌లోనూ, మనకు దగ్గర్లో చెన్నై మణలి రిఫైనరీలోనూ తయారవుతుంది. రకాన్ని బట్టి 46 నుంచి 68 డిగ్రీల మధ్య కరుగుతుంది. సోయా మైనం 1990ల్లో అమెరికాలో వచ్చింది. సోయా నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టిస్తారు. డాల్డా ఎలా పుట్టిందో ఇదీ అలాగే పుట్టింది, వాడుకే వేరు. తేనెమైనం 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఖరీదు ఎక్కువ. పారాఫిన్ విషమనీ సోయా అమృతమనీ చెప్పి అమ్మడం నాకు నచ్చదు. వత్తి కుదరకపోతే సోయా కూడా మసి కక్కుతుంది, కుదిరితే పారాఫిన్ కూడా శుభ్రంగా వెలుగుతుంది.

తిరుపతిలో ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇందులో జంతువుల కొవ్వేమీ లేదు కదమ్మా?" అడిగేవాళ్ళను తప్పుపట్టలేం. పేరులోనే కొవ్వు ఉంది మరి. పారాఫిన్‌లో, సోయాలో జంతువుల కొవ్వు ఉండదు. కానీ అచ్చుల్లో పోసే స్తంభాల కొవ్వొత్తులు గట్టిపడటానికి స్టియరిక్ ఆమ్లం కలుపుతారు. అది పామాయిల్ నుంచీ రావచ్చు, పశువుల కొవ్వు నుంచీ రావచ్చు. కొనేటప్పుడే సరఫరాదారును అడిగి తెలుసుకుంటే స్టాలు దగ్గర నీళ్ళు నమలాల్సిన పని ఉండదు.

మైనం ఎంపికలో నిజంగా పట్టించుకోవాల్సింది మన ఎండ. గ్లాసుల్లో పోసే మెత్తటి సోయా 45, 50 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి 40 దాటడం మామూలే, ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు లోపల 60 కూడా దాటుతుంది. రెండేళ్ళ కింద ఏప్రిల్‌లో 48 గ్లాసులు కారులో పెట్టుకుని చిత్తూరు బయల్దేరాం. దారిలో టిఫిన్‌కు ఆగాం, చెట్టు నీడ దొరకలేదు. పూతలపట్టు దాటాక వదినకు అనుమానం వచ్చి డిక్కీ తీస్తే, మైనం అంతా పాయసంలా కదులుతోంది. చిత్తూరు చేరి చల్లబడ్డాక ప్రతి గ్లాసులోనూ మైనం ఏటవాలుగా గడ్డకట్టి ఉంది. పైన నూనె చెమటలా బొట్లు బొట్లుగా తేలింది. ఆ రోజు అమ్మింది సున్నా. ఇప్పుడు వేసవికి సోయాలో గట్టి పారాఫిన్ కలుపుతున్నాం. గడ్డకట్టిన నీళ్ళ బాటిళ్ళను గుడ్డలో చుట్టి థర్మాకోల్ పెట్టెల్లో మధ్యమధ్య పెడతాం, తెల్లవారకముందే బయల్దేరతాం.

పోసే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో రహస్యమేమీ లేదు. మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం మంట అంటుకునే వేడికి చేరదు. పొరపాటున అంటుకుంటే నీళ్ళు చల్లొద్దు. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని గదంతా చిమ్ముతాయి. మూత పెట్టి పొయ్యి కట్టేయాలి. సెంటు నూనెను కొలత గ్లాసుతో కాదు, తూకంతో కలపాలి. మామూలుగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం. ఎక్కువ పోస్తే వాసన పెరగదు, నూనె పైకి కారుతుంది. పోసిన వెంటనే అమ్మకూడదు. సోయా అయితే రెండు వారాలు మూతపెట్టి ఉంచితే వాసన బాగా పడుతుంది. ఆదివారం స్టాలు ఉందని గురువారం రాత్రి పోసేవాళ్ళను చూశాను. వాళ్ళ గ్లాసులు వెలిగిస్తే మైనం వాసనే వస్తుంది. పైన చల్లే గులాబీ రేకులూ అంతే, ఫొటోకు అందం. మంట దగ్గరికి జరిగితే ఒక్కో రేకూ ఒక్కో వత్తి అవుతుంది.

వాసనల్లో రెండు రకాలున్నాయని కొత్తవాళ్ళకు తెలియదు. మూత తీసి ముక్కు పెడితే వచ్చేది ఒకటి, వెలిగించాక గది నిండేది ఇంకొకటి. మొదటిది గుప్పుమనే కొవ్వొత్తి రెండోదాంట్లో తేలిపోవచ్చు. ఎగ్జిబిషన్‌లో చిక్కంతా ఇక్కడే. చాలా చోట్ల మంట వెలిగించనివ్వరు. పక్క స్టాల్లో కాళహస్తి కలంకారీ బట్టలు వేలాడుతుంటాయి, వద్దనడం న్యాయమే. కాబట్టి కొనేవాళ్ళు చల్లటి వాసన చూసి కొంటారు, మళ్ళీ వచ్చేది మాత్రం వేడి వాసనను బట్టి. మొదటి అమ్మకం ముక్కు చేస్తుంది, రెండోది వత్తి చేస్తుంది. మేము వెలిగించిన కొవ్వొత్తి వీడియో ఒకటి ఫోనులో పెట్టుకుంటాం, సగం కాలిన గ్లాసు ఒకటి బల్ల మీద ఉంచుతాం. మసి లేని ఆ గ్లాసు చూపిస్తే మాటలు తక్కువ సరిపోతాయి.

ఊరిని బట్టి వచ్చే ఆశలు కొన్ని ఉన్నాయి. "ఎర్రచందనం వాసన లేదా?" అని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతారు. శేషాచలం ఎర్రచందనానికి మంచిగంధంలా సువాసన ఉండదు. దాని విలువ రంగులోనూ చేవలోనూ ఉంది. అది చెబితే నమ్మనివాళ్ళే ఎక్కువ. లడ్డు వాసనతో చేసి "తిరుపతి లడ్డు" అని పేరు పెట్టమని ఒక మిత్రుడి సలహా. ఆ పేరుకు 2009లోనే జీఐ (ఒక ప్రాంతానికే చెందిన వస్తువని ఇచ్చే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, దాని జోలికి పోకపోవడమే మేలు. ఇక దేవుడి రూపంలో కొవ్వొత్తులు. మా వదిన వద్దంటే వద్దంది. కొన్నవాళ్ళు వెలిగించలేరు, వెలిగిస్తే కరిగే ముఖాన్ని చూడలేరు.

పైగా కొండకు రోజూ వెళ్ళే 60, 70 వేల మందీ మన కొనుగోలుదారులే అనుకోవడం మొదటి ఏటి పొరపాటు. రైలు బండికి పరిగెత్తే యాత్రికుడు గాజు గ్లాసు మోయడు. మా దగ్గర కొనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళే: యూనివర్సిటీల పిల్లలు, ఉద్యోగస్తులు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు, గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులు వెతికేవాళ్ళు. పూజకు దీపమే కావాలి, అక్కడ మనం పోటీకి వెళ్ళకూడదు. మనది పుట్టినరోజు, క్రిస్మస్, హాల్లో టీపాయ్.

ఇప్పుడు నా నోటుపుస్తకం. ధరలు కొనే చోటును బట్టి మారతాయి కాబట్టి, ఈ అంకెలను లెక్క పద్ధతి కోసమే తీసుకోండి. 150 గ్రాముల మైనం 45 రూపాయలు, 12 గ్రాముల సెంటు 24, గ్లాసు 45, వత్తి, దాని అడుగు బిళ్ళ 5, లేబులు, పెట్టె 25, గ్యాసు, పాడైనవి 6. మొత్తం 150. పన్నెండు గ్లాసులకు మూడు గంటల పని. గంటకు వంద చొప్పున ఒక్కోదానికి 25. అంతా కలిపి 175. ఈ పాతికను చాలామంది ఆడవాళ్ళు వేసుకోరు, "ఇంట్లో ఊరికే ఉన్న టైమే కదా" అంటారు. ఊరికే ఎవరూ లేరు.

ఇక్కడిదాకా అందరూ లెక్క వేస్తారు. 175కి చేసి 299కి అమ్మితే 124 లాభం అని సంబరపడతారు. మూడు రోజుల స్టాలు అద్దె 6,000 అనుకోండి. ఆటో రానుపోను 1,000, తిండి 600, సాయం చేసే అమ్మాయికి 1,200. మొత్తం 8,800. 299 ధరకు 71 గ్లాసులు అమ్మితేనే ఈ ఖర్చు వెనక్కి వస్తుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున, గంటకు మూడు. డెబ్భై రెండో గ్లాసు నుంచి లాభం. అదే 399 పెడితే మిగిలేది 224, నలభై గ్లాసులు చాలు. వంద రూపాయలు పెంచితే అమ్మాల్సిన సరుకు దాదాపు సగమైంది. మైనం కిలోకు ఇరవై తగ్గిందా అని వెతికేకంటే ఈ లెక్క ముందు వేయాలి. కిలోకు ఇరవై తగ్గితే గ్లాసుకు మిగిలేది మూడు రూపాయలు.

399 అనగానే బేరం మొదలవుతుంది. "చిన్న గ్లాసుకు నాలుగు నూర్లా తల్లీ! కరెంటు పోతే పెట్టుకునేది అంగట్లో పది రూపాయలకే ఉండాది" అంది ఒక పెద్దావిడ. ఆమె మాట నిజమే. ఆ పది రూపాయల కొవ్వొత్తి వెలుతురు కోసం. మాది వెలుతురు కోసం కాదు. ఆ తేడా ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ధర తగ్గించుకోవాల్సి వస్తుంది. మేము ధర తగ్గించం, ఖాళీ గ్లాసు తిరిగి తెస్తే 249కి నింపి ఇస్తాం. గ్లాసు, పెట్టె ఖర్చు 70 తప్పుతుంది కాబట్టి మాకు ఇంకా 144 మిగులుతుంది, మధ్యలో స్టాలు అద్దె కూడా ఉండదు. కొనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు కాబట్టే ఇది కుదిరింది.

స్టాలుకు డబ్బు కట్టేముందు అడగాల్సినవి అడగండి. ఇంకెన్ని కొవ్వొత్తుల స్టాళ్ళు ఇస్తున్నారు, పైన కప్పు ఉందా, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది. ఒకసారి ఒక నిర్వాహకుడు ద్వారం దగ్గర చోటని చెప్పి, తీరా వెళ్తే జనరేటరు పక్కన చూపించాడు. డీజిలు వాసనలో మల్లె ఎవరికి తగులుతుంది? అప్పటినుంచి నంబరు వేసిన స్టాళ్ళ పటం వాట్సాప్‌లో పంపితేనే అడ్వాన్సు.

కాగితాల సంగతి. మూతపెట్టి పెట్టెలో అమ్మే వస్తువు కాబట్టి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం దాని మీద చేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన నెల, ఏడు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. నికర బరువంటే మైనం బరువు, గ్లాసుతో కలిపి కాదు. జీఎస్‌టీ విషయానికొస్తే, మన రాష్ట్రంలోపలే సరుకు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. టెన్షన్ పక్క రాష్ట్రంలో మొదలవుతుంది. తిరుపతికి చెన్నై మూడు గంటల దూరం, బెంగళూరు ఐదారు గంటలు. పెద్ద ఎగ్జిబిషన్లు అక్కడే. మామూలు సరుకైతే వేరే రాష్ట్రానికి వెళ్ళి అమ్మడానికి టర్నోవరుతో పని లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. హస్తకళల జాబితాలో ఉన్న వస్తువులకు మాత్రం 20 లక్షల వరకు మినహాయింపు ఉంది. పాన్ కార్డు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఉండాలి. చేతితో చేసిన కొవ్వొత్తులు ఆ జాబితాలో ఉన్నాయి. వాటి మీద పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చేత్తో చేస్తే చాలదు. చెప్పుకోదగ్గ అలంకారమో కళాత్మకతో ఉండి, యంత్రంతో చేసిన అలాంటి వస్తువుకు స్పష్టంగా వేరుగా కనిపిస్తేనే అది హస్తకళ అని నిర్వచనం. గ్లాసులో సాదాగా పోసిన మైనం అందులోకి వస్తుందా అని అధికారి అడిగితే జవాబు చెప్పడం తేలిక కాదు. చేత్తో చెక్కిన అచ్చుల్లో పోసి, చేత్తో రంగులద్దిన వాటికి ఆ చిక్కు లేదు. చెన్నైకి వెళ్ళేముందు మేము ఆడిటరును అడిగాం, గ్లాసులు సగం తగ్గించి చెక్కినవి తీసుకెళ్ళాం.

అమ్మకాల కాలం దీపావళి నుంచి కొత్త సంవత్సరం దాకా. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడేదీ అప్పుడే. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. వాన మైనాన్ని ఏమీ చేయదు. అట్టపెట్టెలను, లేబుళ్ళను పాడుచేస్తుంది, వత్తికి తడి తగిలితే వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది. ఎండాకాలం కరుగుతుంది, అమ్మకాల కాలం తడుస్తుంది. మధ్యలో జూలై, ఆగస్టు మిగులుతాయి, అవి పరీక్షల నెలలు.

ఇప్పుడు మా వదిన వంటింటి అరలో ఏడు గ్లాసులున్నాయి, ఒక్కోదాని కింద వత్తి నంబరు, వెలిగించిన గంటలు రాసిన చీటీ. మామిడి వాసనది అడుగు దాకా శుభ్రంగా కాలింది. సంపంగి మూడో రోజుకే గ్లాసుకు మసి పట్టించింది. రాత్రి వత్తి ఒక నంబరు తగ్గించి మళ్ళీ పోసింది. రెండు వారాలు ఆగాలి.